జత కట్టాకే అసలు పోటీ: పురుగుల లోకంలో రికార్డులు

మగనెమలి పురి విప్పేది ఆడనెమలి మెప్పు కోసమేనని 1871లో డార్విన్ రాశాడు. ఆడదాన్ని మెప్పించడానికో, సాటి మగవాటిని గెలవడానికో పుట్టుకొచ్చిన కొమ్ములు, రంగులు, పాటలన్నీ లైంగిక వరణం ఫలితమేనన్నాడు. పురుగుల దగ్గరకొచ్చేసరికి కథ అక్కడితో ఆగదు. చాలా జాతుల్లో ఆడపురుగు ఒకటికి మించిన మగవాటితో జత కడుతుంది. వాటి వీర్యాన్ని ఒంట్లోని చిన్న సంచిలో దాచుకుని, గుడ్లు పెట్టేటప్పుడు కొద్దికొద్దిగా వాడుకుంటుంది. కాబట్టి జత కట్టినంత మాత్రాన మగది గెలిచినట్టు కాదు. ఎవరి వీర్యం గుడ్డును చేరుతుందన్న పోటీ ఆ సంచిలోనూ సాగుతుంది. 1970లో బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్ పార్కర్ ఈ సంగతిని ఎత్తిచూపాడు. ఆడజీవి తన ఒంటి లోపల కూడా ఎంపిక చేసుకుంటుందనీ, జననాంగాలు ఇన్ని ఆకారాలు తిరగడానికి అదే పెద్ద కారణమనీ 1985లో విలియం ఎబర్‌హార్డ్ ఏకంగా పుస్తకమే రాశాడు.

ఈ పోటీలో రికార్డులు కొట్టిన పురుగులు కొన్ని ఉత్తరాంధ్ర ఇళ్లల్లో, పొలాల్లో, కొండల్లో ఉన్నాయి. కొన్ని ఎక్కడో దూరాన ఉన్నా వాటి చుట్టాలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కనబడతాయి. ఒక్కొక్కదాన్నీ చూద్దాం.

అతి బలశాలి: పేడపురుగు

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ విద్య నేర్పిన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న సంగతి ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కలియుగ భీముడు కూడా అందుకోలేని రికార్డు ఒకటి పేడకుప్ప కింద ఉంది. ఓంథోఫేగస్ టారస్ అనే కొమ్ముల పేడపురుగు తన బరువుకు 1,141 రెట్ల బరువును లాగగలదని 2010లో లండన్, ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క తేల్చారు. 70 కిలోల మనిషి దాదాపు 80 టన్నులు లాగడంతో అది సమానం. ఆ జాతి సొంతూరు మధ్యధరా ప్రాంతమైనా, అదే ప్రజాతికి చెందిన పురుగులు మన పశువుల పేడ కింద బోలెడు.

ఈ బలమంతా పేడ మోయడానికి కాదు. ఆడపురుగు పేడ కింద బొరియ తవ్వుకుంటుంది. కొమ్ములున్న మగది బొరియ ద్వారం దగ్గర కాపలా కాస్తుంది. ఇంకో మగది వస్తే కొమ్ములు మెలేసుకుని తోసుకుంటాయి. కొమ్ముల్లేని చిన్న మగవి మాత్రం గొడవలోకి దిగకుండా పక్క నుంచి సొరంగం తవ్వుకుని దొంగచాటుగా లోపలికి చేరతాయి. కొమ్ముకు పెట్టిన ఖర్చు వృషణాల్లో తగ్గుతుందన్నది ఇందులో అసలు కిటుకు. ఒక జాతి పేడపురుగుల్లో కొమ్ము పెరగకుండా ఆపితే వృషణాలు పెద్దవిగా పెరిగాయని 2006లో సిమన్స్, ఎమ్లెన్ చూపించారు.

అతి గట్టి గొంతు: రెండు మిల్లీమీటర్ల నీటిపురుగు

చెరువుల్లో, బందల్లో అడుగున తిరిగే మైక్రోనెక్టా అనే నీటిపురుగులు బియ్యపు గింజకన్నా చిన్నవి. వీటిలో ఐరోపాకు చెందిన మైక్రోనెక్టా షోల్ట్‌జి మగది పాడితే శబ్దం గరిష్ఠంగా 99.2 డెసిబెల్స్ దాకా వెళ్తుందని 2011లో ఫ్రెంచ్, స్కాటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. ఒంటి పరిమాణంతో పోలిస్తే జంతువులన్నిటిలో అతి పెద్ద గొంతు ఇదేనని వాళ్లు తేల్చారు. శబ్దంలో 99 శాతం నీటిలోంచి గాలిలోకి రాకముందే పోతుంది, లేకపోతే చెరువు గట్టు మీద నిలబడి మాట్లాడుకోవడం కష్టమయ్యేది.

ఆ పాట నోటితో పాడేది కాదు, రెక్కలతో వాయించేది కూడా కాదు. మగది తన జననాంగపు భాగాన్ని పొట్ట మీది గరుకు గీతలకేసి రుద్దుతుంది. పాట పుట్టే ఆ చోటు వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా పాడాలన్న మగవాటి పోటీయే గొంతును ఇంత దూరం తెచ్చిందని ఊహ.

అతి తెలివైన మైకు: ఆకుకు కన్నం పెట్టే కీచురాయి

గొంతు చిన్నదైతే ఏం చెయ్యాలి? ఉమ్మడి అనంతపురం సరిహద్దు దాటి, తెలుగు బాగా వినిపించే కర్ణాటక పల్లెల్లోకి వెళ్తే, గుడిబండ చుట్టుపక్కల పొదల్లో దీనికి జవాబు దొరుకుతుంది. ఈకాంథస్ హెన్రీ అనే చెట్టుకీచురాయి మగది ఆకు మధ్యలో తన రెక్కలకు సరిపడా కన్నం కొరుకుతుంది. అందులో ఒళ్లు దూర్చి, రెక్కల్ని ఆకుకు సమంగా పెట్టి పాడుతుంది. రెక్క ముందు పుట్టిన శబ్దం, వెనక పుట్టిన శబ్దం ఒకదాన్నొకటి చంపుకోకుండా ఆకు అడ్డుపడుతుంది. దాంతో పాట చాలా దూరం వినిపిస్తుంది.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన రిత్తిక్ దేబ్, సంబితా మోదక్, రోహిణీ బాలకృష్ణన్ 2020లో చెప్పిన విశేషం ఇంకా రుచిగా ఉంటుంది. ఈ పని ఎక్కువగా చేసేవి ఒళ్లు చిన్నవి, గొంతు తగ్గినవి. ఆకుసాయంతో అవి పెద్ద మగవాటికి దీటుగా వినిపిస్తాయి. దగ్గరకొచ్చిన ఆడవి వాటితో ఎక్కువసేపు జత కట్టి ఉంటాయి, అంటే ఎక్కువ వీర్యం తీసుకుంటాయి. పనిముట్టు వాడే జీవుల పట్టికలో పురుగులు అరుదు, అందులోనూ పనిముట్టుతో వలపు గెలిచేవి మరీ అరుదు.

అతి గాఢమైన వ్యామోహం: మామిడి పండు ఈగ

విజయనగరం మామిడితోటల్లో సువర్ణరేఖ రంగు తిరిగేవేళ రైతులు చెట్లకు ప్లాస్టిక్ బుట్టలు వేలాడదీస్తారు. వాటిల్లో ఉండేది మిథైల్ యూజినాల్. పండు ఈగల్లో మగవి దానికోసం పిచ్చెత్తినట్టు వచ్చి పడతాయి, ఆడవి పెద్దగా పట్టించుకోవు. ఈ వింతను మొదట పసిగట్టింది బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఎఫ్.ఎం. హౌలెట్. నిమ్మగడ్డి జాతి నూనె వాసనకు మగ ఈగలు గుంపులుగా రావడం చూసి 1912లో రాశాడు, ఆ తరవాత మిథైల్ యూజినాల్ దాకా వెళ్లాడు.

కారణం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ రసాయనాన్ని తిన్న మగ ఈగ దాన్ని ఒంట్లో మార్చుకుని, సాయంత్రం చీకటి పడే వేళ తన సొంత పరిమళంగా విడుస్తుంది. తిన్నవాటికి జతలు ఎక్కువ దొరుకుతాయి. వలపు కోసం వచ్చి వలలో పడడమన్నమాట. పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ ఎరతోనే మగ ఈగల్ని ఏరిపారేసి, జాతినే దీవి నుంచి తుడిచిపెట్టినట్టు 1965లో ప్రకటించారు.

ఉద్దానంలో ఇదే సూత్రం కొబ్బరికి పనికొస్తోంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వేలకువేల కొబ్బరిచెట్లను కూల్చింది. కుళ్లే మొద్దులు, పెంటకుప్పలు కొబ్బరిని తొలిచే కొమ్ము పురుగుకు పుట్టిల్లు. ఆ పురుగులో ఆడా మగా రెంటికీ కొమ్ముంటుంది, మగదానిది ఎక్కువ పొడవు. ఆడదాన్ని గుర్తుపట్టాలంటే పొట్ట చివర ఎర్రటి నూగు చూడాలి. మగది విడిచే వాసనకు ఆడవీ వస్తాయి, మగవీ వస్తాయి. కాబట్టి దాన్ని కృత్రిమంగా తయారుచేసి లింగాకర్షక బుట్టల్లో పెడితే రెండూ దొరుకుతాయి. కొబ్బరికి మరో శత్రువైన ఎర్రముక్కు పురుగుకూ ఇలాంటి ఎరే ఉంది.

అతి సుదీర్ఘ సంపర్కం: పుల్లపురుగు, 79 రోజులు

పొదలో పుల్లలా కదలకుండా కూర్చునే పురుగుల్లో నెక్రోసియా స్పారాక్సిస్ మన దేశానిదే. ఈ జాతిలో ఒక జంట 79 రోజులు విడవకుండా జత కట్టి ఉందని 1963లో గంగ్రాడే అనే శాస్త్రవేత్త రాశాడు. ఆ లెక్కను ఇప్పటికీ పుస్తకాలన్నీ రికార్డుగా ఎత్తి చూపుతాయి. అన్ని రోజులూ వీర్యం ఇవ్వడానికి పట్టదు. మగది వదిలితే ఇంకో మగది వచ్చేస్తుంది, అందుకే పట్టు విడవదు. ప్రేమ అనుకునేది చాలావరకు కాపలా.

ఇంత ఓపిక లేకపోయినా, ఆ దారిలోనే నడిచే పురుగొకటి మన బెండతోటల్లో, పత్తిచేలల్లో, బూరుగుచెట్ల కింద కనబడుతుంది. ఎర్రగా, నల్లచుక్కలతో, రెండు పురుగులు తోకలు అతుక్కుని ఒకదాన్నొకటి వెనక్కి ఈడ్చుకుపోతుంటాయి. పత్తి దూదికి మరకలు తెచ్చేది ఇదే. గంటలు గడిచినా, ఒక్కోసారి రోజులు గడిచినా విడివడవు. దీని శాస్త్రీయనామం డిస్‌డెర్కస్ కోనిగి. లిన్నేయస్ శిష్యుడైన డాక్టర్ జోహాన్ కోనిగ్ పేరు మీద 1775లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ పెట్టాడు. కోరమాండల్ తీరంలో మొక్కలు, పురుగులు సేకరిస్తూ తిరిగిన కోనిగ్ 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు.

అతి ముళ్ల అంగం: పెసల పుచ్చుపురుగు

వరి కోసిన మడిలో పెసర, మినుము చల్లడం ఈ జిల్లాల్లో పాత అలవాటు. ఆ గింజలు డబ్బాలోనో గాదెలోనో చేరాక కన్నాలు పెట్టే పుచ్చుపురుగుకు ప్రపంచంలోని కీటక ప్రయోగశాలలన్నిటిలో పెద్ద పేరుంది. దీని మగ అంగం చివర నిండా గట్టి ముళ్లు. జత కట్టినప్పుడు అవి ఆడదాని లోపలి గోడల్ని చీలుస్తాయి. ఆడది వెనకకాళ్లతో మగదాన్ని తంతూనే ఉంటుంది. తన్నడం ఆపితే సంపర్కం ఎక్కువసేపు సాగి, గాయాలు పెరుగుతాయని 2000లో ‘నేచర్’ పత్రికలో క్రజింగ్టన్, సీవ-జోతీ రాశారు.

ముళ్లు పొడవుగా ఉన్న మగవాటికే ఎక్కువ పిల్లలు దక్కుతున్నాయని తరవాత తేలింది. స్వీడన్‌లో లేజరుతో ముళ్లు చెక్కేసి చూస్తే ఆ మగవి పోటీలో వెనకబడ్డాయి. ఇక్కడే ఇంకో విశేషం ఉంది. ముళ్లు ఎక్కువ హాని చేసే జాతుల్లో ఆడవాటి లోపలి గోడ కూడా మందంగా తయారైంది. ఒకరి ఆయుధం పెరిగేకొద్దీ ఇంకొకరి కవచం పెరిగింది.

అతి పనిమంతుడు: తుడిచిపెట్టే తూనీగ

గెడ్డల ఒడ్డున, వరిమడి గట్ల మీద పసుపురంగులో కనబడే సన్నని తూనీగ పేరు సెరియాగ్రియాన్ కోరమాండలియానమ్. మన తీరమే దాని పేరులో ఉంది. దాని మగది ఆడదాని మెడ పట్టుకుని, ఆడది తన తోక వంచి మగదాని పొట్ట ముందుభాగానికి తగిలిస్తే జంట హృదయాకారంలో వంగుతుంది. వింత ఏమంటే, వీర్యం బయటికొచ్చేది మగ తూనీగ తోక చివర, సంపర్కం జరిగేది నడుము దగ్గర. అందుకే మగది ముందుగా తన వీర్యాన్ని తానే వెనక నుంచి ముందుకు తెచ్చి నింపుకుంటుంది. పురుగుల్లో ఇలాంటి ఏర్పాటు ఉన్నది తూనీగల వంశానికే.

ఈ నడుము దగ్గరి అంగం చేసే రెండో పని 1979లో జోనాథన్ వాగి అమెరికాలో ఒక సన్న తూనీగలో కనిపెట్టాడు. దాని చివరి కొక్కేలు, వెంట్రుకలు తన వీర్యం పెట్టేముందు లోపలున్న పాత వీర్యాన్ని బయటికి లాగేస్తాయి. ఆయన లెక్క ప్రకారం 88 నుంచి 100 శాతం దాకా. ఒకే అంగం ఖాళీ చేస్తుంది, నింపుతుంది. పోటీ ఆడదాని ఒంట్లోపల సాగుతుందన్న మాటకు ఇంతకు మించిన సాక్ష్యం అప్పటికి లేదు.

అతి క్రూర సంపర్కం: మంచం నల్లి

నులకమంచాల రోజుల్నించీ మనకు తెలిసిన నల్లిలో ఆడదానికి జననాంగ ద్వారం ఉంది. మగది దాన్ని వాడదు. సూదిలాంటి అంగంతో ఆడదాని పొట్టను పొడిచి వీర్యాన్ని నేరుగా ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఆ వీర్యకణాలు రక్తంలో ఈదుకుంటూ అండాశయం వైపు వెళ్తాయి. అంగం ఎప్పుడూ ఒకే వైపు వంగి ఉంటుంది కాబట్టి గాయం కూడా ఆడదాని ఒంటికి ఒకే పక్కన పడుతుంది.

ఆ చోటే ఆడదానిలో మరో అవయవం పుట్టుకొచ్చింది. రోగాలతో పోరాడే రక్తకణాలు నిండిన మెత్తని దిండు లాంటిది అది. గాయంతో పాటు వచ్చే సూక్ష్మక్రిములను అక్కడే అడ్డుకుంటుంది. అయినా మూల్యం తప్పదు. ఎక్కువసార్లు పొడిపించుకున్న ఆడనల్లుల ఆయుష్షు నాలుగో వంతు దాకా తగ్గుతుందని 2001లో స్టట్, సీవ-జోతీ లెక్కగట్టారు.

అతి ముందుచూపు: అదనపు అంగం

తోక చివర పటకారులాంటి కొక్కేలతో చెత్తలో, తడిమట్టిలో పరుగెత్తే పురుగును మీరు చూసే ఉంటారు. చెవిలో దూరుతుందన్న పాత భయం దాని మీద ఉంది. ఈ పురుగుల్లో యూబోరెలియా అనే ప్రజాతి దక్షిణాదిలో వేరుశనగ కాయల్ని తొలిచేవాటి లెక్కలోకి కూడా వస్తుంది. ఈ ప్రజాతి మగవాటికి పురుషాంగాలు రెండు. ఒక్కో సంపర్కానికి ఒక్కటే వాడతాయి. ఒక జాతిలో అంగం దాదాపు ఒంటి పొడవంత ఉంటుంది. మరి విరిగితే? 2001లో జపాన్ శాస్త్రవేత్తలు కామిమురా, మత్సువో దీనికి జవాబిచ్చారు. ఒకటి విరిగినా మగది రెండోదానితో పని కానిస్తుంది.

అతి పొడవైన వీర్యకణం: 5.8 సెంటీమీటర్లు

మగ్గిన అరటిపండు చుట్టూ తిరిగే చిన్న ఈగల వంశం డ్రాసోఫిలా. అమెరికా ఖండాల్లోని డ్రాసోఫిలా బైఫర్కా ఒంటి పొడవు మూడు మిల్లీమీటర్లు. దాని ఒక్క వీర్యకణం, చుట్టలు విప్పి చూస్తే, 5.8 సెంటీమీటర్లు. తండ్రి పొడవుకు దాదాపు ఇరవై రెట్లు, మనిషి వీర్యకణానికి దాదాపు వెయ్యి రెట్లు. 1995లో పిట్నిక్ బృందం దీన్ని ప్రకటించింది. ఇంత పొడవైనవి ఎక్కువ చెయ్యడం కుదరదు, కాబట్టి మగ ఈగ కొద్ది సంఖ్యలో చేసి, ఉండలు చుట్టి పొదుపుగా ఇస్తుంది.

ఎవరి కోసం ఈ పొడవు? ఆడఈగలో వీర్యాన్ని దాచే గొట్టం కూడా అంతకంత పొడవు. 2002లో మిల్లర్, పిట్నిక్ ప్రయోగశాలలోని మామూలు డ్రాసోఫిలాలో ఆడవాటి గొట్టాన్ని తరతరాలుగా పొడిగిస్తూ పోతే, దాని వెంటే మగవాటి వీర్యకణం కూడా పొడవైంది. రికార్డు మగదాని పేర ఉన్నా, కొలబద్ద పట్టుకున్నది ఆడదే.

అతి బరువైన వృషణాలు: ఒంటిలో 14 శాతం

పొలం గట్ల మీద పొడవాటి మీసాలతో ఎగిరే పచ్చమిడతల చుట్టం ఒకటి ఐరోపాలో ఉంది, పేరు ప్లాటిక్లీస్ అఫినిస్. దాని వృషణాలు ఒంటి బరువులో 14 శాతానికి దగ్గరగా ఉన్నాయని 2010లో డెర్బీ విశ్వవిద్యాలయంలోని కరీమ్ వాహెద్ బృందం చెప్పింది. 70 కిలోల మనిషికైతే దాదాపు పది కిలోలు. అయితే ఒక్కసారి ఇచ్చే వీర్యం ఎక్కువేం కాదు. ఆడది చాలామందితో జత కట్టే జాతుల్లో మగది కూడా చాలాసార్లు జత కట్టాలి, వృషణాలు అందుకే పెద్దవి.

అతి ఎక్కువమంది పెనిమిట్లు: కొండతేనె రాణి

పార్వతీపురం, సీతంపేట కొండల్లో రాతి చరియలకు, పెద్ద చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద తేనెపట్టులు ఏపిస్ డోర్సాటా అనే కొండతేనెటీగవి. గిరిజనులు తీసుకొచ్చిన తేనెను గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ కొంటోంది. ఆ పట్టుకు తల్లి అయిన రాణి సూర్యాస్తమయం తరవాత మసక వెలుతురులో ఎగిరి మగ ఈగలతో జత కడుతుంది. థాయ్‌లాండ్‌లోని పట్టుల్లో పిల్లల జన్యువులను పరీక్షించి 2003లో ప్రకటించిన ఫలితాల్లో ఒక రాణి సంతానానికి వందకు పైగా తండ్రులు తేలారు.

తేనెటీగ మగదానికి ఇది ఒకేసారి దక్కే అవకాశం. జత కడుతుండగా అంగం ఒంట్లోంచి పూర్తిగా బయటికొచ్చి, ఈగ చచ్చిపోతుంది. రాణికి మాత్రం ఆ వీర్యం జీవితాంతం సరిపోతుంది. తండ్రులు ఎక్కువైతే కూలీ ఈగల్లో వైవిధ్యం పెరుగుతుంది, పట్టుకు రోగాలు తట్టుకునే శక్తి పెరుగుతుంది.

అతి అనుమానపు తండ్రి: వీపున గుడ్లు మోసే నీటిపురుగు

వరిమడి నీళ్లల్లో, చెరువుల్లో గుండ్రని గోధుమరంగు పురుగు వీపు నిండా గుడ్లతో ఈదుతుంటే అది తల్లి కాదు, తండ్రి. డిప్లోనికస్ ప్రజాతిలో ఆడది గుడ్లను మగదాని వీపుకు అతికించి వెళ్లిపోతుంది. పిల్లలు పుట్టేదాకా మోసేది మగదే. మరి ఆ గుడ్లు తనవేనా? అమెరికాలోని దీని చుట్టం మీద రాబర్ట్ స్మిత్ 1979లో చూసిందేమిటంటే, కొన్ని గుడ్లు అతికించాక మగది మళ్లీ జత కడితేగానీ మరికొన్ని పెట్టనివ్వదు. ఒక జంట 36 గంటల్లో వందకు పైగా సార్లు జత కట్టింది.

అతి తారుమారు: ఆడదానికి పురుషాంగం

పాత పుస్తకాల అట్టల్లో పరుగెత్తే తెల్లని పేనులాంటి పురుగుల చుట్టం నియోట్రోగ్లా బ్రెజిల్ ఎండుగుహల్లో ఉంది. దానిలో పొడవైన, ముళ్లున్న అంగం ఆడదానిది. మగదానిలో దూర్చి, 40 నుంచి 70 గంటలు వదలకుండా వీర్యాన్నీ, దానితో వచ్చే పోషకాలనూ లాక్కుంటుంది. గుహలో తిండి తక్కువ కాబట్టి ఆ వీర్యపు సంచి ఆడదానికి భోజనం కూడా. 2014లో యోషిజావా బృందం దీన్ని వెల్లడించింది. అందులో ఉన్న కామిమురాయే పైన రెండంగాల పురుగుని చదివింది. 2017లో ఈ పనికి, ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది.

పోటీకి అనర్హత: ఆరుద్ర పురుగు

ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే తడిమట్టి మీద ఎర్రటి మఖమల్ ముక్కలా నడిచే ఆరుద్ర పురుగును ఈ జాబితాలో చేర్చలేం. దానికి ఎనిమిది కాళ్లు, కాబట్టి అది కీటకం కాదు, సాలీడు వంశం. వీటి కుటుంబంలో కొన్ని మగవి వీర్యపు పొట్లాలను గడ్డిపరకల మీద పెట్టి, పట్టుదారంతో ఆడదానికి దారి వేస్తాయి. ఇంకో మగది చూస్తే ఆ పొట్లాలను పాడుచేసి తనవి పెట్టేస్తుంది.

సగం లెక్కే తెలిసింది

పై రికార్డుల్లో ఎక్కువ భాగం మగవాటి పేర ఉన్నాయి. అందులో పురుగుల గొప్ప కొంత, లెక్క రాసినవాళ్ల అలవాటు కొంత. 1989 నుంచి 2013 దాకా వచ్చిన 364 జననాంగ పరిశోధనలను మాలిన్ ఆ-కింగ్, ఆండ్రూ బారన్, మరీ హెర్బర్‌స్టైన్ తిరగేసి చూశారు. సుమారు సగం మగవాటినే చదివాయి, ఆడవాటిని మాత్రమే చదివినవి 8 శాతం. ఈ లెక్క 2014లో వచ్చింది. మగదాని అంగం గట్టిగా, బయటికి తీసి చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. ఆడదానిది మెత్తన, లోపల దాగి ఉంటుంది. ఇది కొంత కారణం.

కానీ పై వరుసలో ఏ రికార్డును తిప్పి చూసినా వెనక ఆడది కనబడుతుంది. పొడవైన గొట్టం ఉంటేనే పొడవైన వీర్యకణానికి గిరాకీ. మందమైన గోడ లేనిదే ముళ్ల కథ సగమే. వీర్యం దాచుకునే సంచే లేకపోతే తూనీగకు తుడిచే పనే ఉండదు, పుల్లపురుగుకు 79 రోజుల కాపలా అక్కర్లేదు. ఇకమీదట ఎవరైనా మన పొలంలో కొత్త రికార్డు కొలవాలనుకుంటే, ముందుగా తెరిచి చూడాల్సింది ఆడపురుగునే.